పొడుగ్గా ఉన్న చిన్నపిల్లల్ని ఏ రైడ్ ఎక్కించాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మాయికి ఐదేళ్లు నిండేసరికి ఎత్తు 119 సెంటీమీటర్లు. ఆ వయసు ఆడపిల్లల సగటు 109 దాటి కాస్త ఉంటుంది. అంటే మాది వయసుకి ఐదేళ్ల పిల్ల, చూపుకి ఏడేళ్ల పిల్ల. పాలకొల్లులో ఉంటాం. సంక్రాంతికి మా వైపు తీర్థాలు, అంటే జాతరలు మొదలైనా, వేసవిలో హైదరాబాద్ ప్రయాణాలు మొదలైనా ఇలాంటి పిల్లలున్న చుట్టాలూ స్నేహితులూ ఫోన్ చేసి అవే సందేహాలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

## బయలుదేరే ముందు, ఇంట్లో

మా వాడికి ఐదేళ్లే గానీ ఎనిమిదేళ్లవాడిలా ఉంటాడు. ఎత్తు గీత దాటితే ఎక్కించేయొచ్చు కదా?

రైడ్ ముందు బోర్డు మీద ఉండే కనీస ఎత్తు గీత చెప్పేది ముఖ్యంగా సీటు సంగతి. వీపు ఆనించి కూర్చుంటే మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగాలి. పైనుంచి దిగే కడ్డీ మెడకు తగలకుండా భుజాల మీద ఆనాలి. పట్టుకునే పిడి చేతికి అందాలి. రైడ్ తయారుచేసినవాళ్లు ఇవన్నీ చూసుకుని గీత పెడతారు. దాని వెనక ఇంకో అంచనా కూడా ఉంటుంది. ఇంత ఎత్తున్న పిల్లలకి మామూలుగా ఇన్నేళ్లుంటాయి, ఆ వయసువాళ్లు చెప్పింది విని కదలకుండా కూర్చుంటారు అని. పొడుగు పిల్లల విషయంలో తప్పేది ఈ అంచనాయే. 120 సెంటీమీటర్ల గీత దగ్గర సాధారణంగా నిలబడేది ఏడేళ్లు దగ్గరపడినవాడు. అక్కడికి మన ఐదేళ్లవాడు వచ్చి నిలబడితే ఆపరేటర్‌కి తేడా తెలియదు. మనకి తెలుసు. గీత దాటకపోతే ఎక్కించకూడదు, అందులో చర్చ లేదు. దాటితే మాత్రం వాడి వయసు, బుద్ధి, భయం చూసి మనమే తేల్చుకోవాలి.

ఎత్తుతో పాటు ఒళ్లూ గట్టిపడుతుంది కదండీ? తేడా ఏముంటుంది?

తేడా మెడ దగ్గర ఉంటుంది. ఐదేళ్ల పిల్లల తల చుట్టుకొలత పెద్దవాళ్ల తలలో సుమారు 90 శాతానికి వచ్చేస్తుంది. ఒంటి బరువు మాత్రం పెద్దవాళ్లలో మూడో వంతు కూడా ఉండదు. అంత తలని మోసే మెడ కండరాలు, కీళ్లని పట్టి ఉంచే లిగమెంట్లూ ఇంకా లేతగానే ఉంటాయి. ఒక్కసారిగా పక్కకి విసిరే రైడ్లు, దబ్బున ఆగే రైడ్లు, ఢీకొట్టుకునే బంపర్ కార్లు ఈ వయసులో మెడనే కుదుపుతాయి. పొడుగు పెరిగినంత మాత్రాన మెడకి అదనంగా రెండేళ్ల బలం రాదు. పైగా పొడుగు పిల్లలు చాలామంది సన్నగా ఉంటారు, కడ్డీ కింద ఖాళీ మిగిలిపోతుంది. నా మట్టుకు నేను ఆరేళ్లు నిండేదాకా గట్టిగా కుదిపేవి ఏవీ ఎక్కించకూడదనే అనుకుంటున్నాను.

ఎత్తు ఇంట్లో ఎలా కొలవాలి? అక్కడికెళ్లాక తేడా వస్తోంది.

చెప్పులు తీయించి, మడమలు, పిరుదులు, వీపు గోడకి ఆనించి నిలబెట్టండి. చూపు నేరుగా ఎదురుగా ఉండాలి. తల మీద గట్టి అట్ట పుస్తకం గోడకి చదునుగా ఆనించి, దాని కింద అంచు దగ్గర పెన్సిల్ గీత పెట్టి టేపుతో కొలవండి. ఆడపిల్లలకి కొప్పు, పైజడ, పూలదండ ఉంటే తీసేయాలి. రోజంతా నడిచి ఆడాక వెన్నుపూసల మధ్య మెత్తటి భాగం కాస్త అణుగుతుంది. అందుకే పొద్దున్న కొలిచినదానికంటే సాయంత్రం సెంటీమీటరు దాకా తగ్గొచ్చు. సాయంత్రం కొలతే లెక్కలోకి తీసుకోండి. మన ఇళ్లల్లో అడుగుల లెక్కే ఎక్కువ కాబట్టి: మూడున్నర అడుగులంటే 107 సెంటీమీటర్లు, నాలుగడుగులంటే 122, నాలుగడుగుల ఏడంగుళాలంటే 140.

ఒక్క సెంటీమీటరే తక్కువైంది. మడమ ఎత్తున్న బూట్లు వేసి తీసుకెళ్లొచ్చా?

వద్దండీ. బూటు తలని పైకి లేపుతుంది గానీ తొడని కడ్డీ దగ్గరికి తేదు. ఇంకో మూడు నెలలు ఆగితే ఆ సెంటీమీటరు దానంతటదే వస్తుంది.

ఏ ఎత్తుకి ఏ రైడ్? ఉజ్జాయింపుగా చెప్పండి.

పార్కును బట్టి, యంత్రాన్ని బట్టి మారుతుంది. అక్కడి బోర్డే చివరి మాట. అమెరికాలో బంధువుల దగ్గరికి వెళ్లేవాళ్లు ఎక్కువగా అడిగేది ఓర్లాండో గురించి కాబట్టి అక్కడి కొలతలు ఉదాహరణగా చెబుతాను. డిస్నీలో సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కి 38 అంగుళాలు, అంటే 97 సెంటీమీటర్లు చాలు. స్పేస్ మౌంటెన్‌కి 44 అంగుళాలు, అంటే 112. యూనివర్సల్‌లో హల్క్ కోస్టర్‌కి 54 అంగుళాలు, అంటే 137. మా అమ్మాయి ఐదేళ్లకే మొదటి రెండింటికీ సరిపోతుంది. అయితే స్పేస్ మౌంటెన్ నడిచేది దాదాపు చీకట్లో. ఎటు తిరుగుతుందో కనిపించదు. ఎత్తు సరిపోయినా ఐదేళ్ల పిల్లకి ఆ చీకటి ఎక్కువ. మైన్ ట్రైన్ మాత్రం ఆ వయసుకి బాగుంటుంది. ఒకే పార్కులో, ఒకే పిల్లకి, రెండు జవాబులు.

కదలకుండా కూర్చుంటాడో లేదో ముందే తెలుసుకోవడం ఎలా?

కుర్చీ ఆట ఆడించండి. వీపు ఆనించాలి, రెండు చేతులతో పట్టుకోవాలి, నేను "అయిపోయింది" అనేదాకా లేవకూడదు అని చెప్పి మూడు నిమిషాలు కూర్చోబెట్టండి. మధ్యలో పక్కగదిలోంచి పిలవండి, టీవీ పెట్టండి, వాడికిష్టమైన బొమ్మ కింద పడేయండి. లేచి అందుకోబోతే ఇంకా సమయం ఉందని అర్థం. రైడ్ మీద చెప్పు జారినా, టోపీ ఎగిరినా వాడు చేసేది ఇదే. ఒక్కరోజు ఆడించి వదిలేయకుండా నాలుగైదు రోజులు ఆడించండి. మా అమ్మాయి మొదటి రెండు రోజులూ లేచిపోయింది.

డాక్టర్‌ని అడిగి తీరాల్సిన పరిస్థితులు ఏమైనా ఉన్నాయా?

ఫిట్స్, గుండె జబ్బు, ఈమధ్య ఎముక విరగడం లేదా ఆపరేషన్, మెడ నొప్పి, తరచూ ఆయాసం ఉంటే అడగాలి. పొడుగు పిల్లల విషయంలో ఇంకొకటి. ఇంట్లో ఎవరూ అంత పొడుగు లేకుండా పిల్ల మాత్రం బాగా సాగి, చేతులూ వేళ్లూ మరీ పొడుగ్గా ఉండి, కీళ్లు అతిగా వంగుతూ, చూపు కూడా బాగా తక్కువగా ఉంటే ఒకసారి పిల్లల డాక్టర్‌కి చూపించండి. మార్ఫాన్ అనే జన్యు సమస్యలో ఇలాంటి లక్షణాలుంటాయి, అందులో గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం బలహీనంగా ఉండే అవకాశం ఉంది. ఇది అరుదు. అమ్మానాన్నలు పొడుగైతే పిల్లలు పొడుగవుతారు, దానికి కంగారు అక్కర్లేదు.

## ప్రయాణంలో, గేటు దగ్గర

రైల్లో వయసు అడుగుతారు, పార్కులో ఎత్తు అడుగుతారు. మా పిల్లకి ఎక్కడ ఏ టికెట్?

రైల్లో వయసే లెక్క. ఐదేళ్లలోపు పిల్లలకి విడిగా బెర్తు తీసుకోకపోతే టికెట్ అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకి బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దనుకుంటే సగం. కాకినాడ నుంచి గౌతమిలో వెళ్లినా, నరసాపురం నుంచి వెళ్లినా పొడుగు పిల్లని చూసి టీటీఈ "నాలుగేళ్లా?" అని అడగడం మామూలే. ఆధార్ బయట పెట్టుకోండి. ఐదేళ్లలోపు వాళ్లకిచ్చే బాల ఆధార్ నీలం రంగులో ఉంటుంది, చూపిస్తే మాట అక్కడితో అయిపోతుంది. హైదరాబాద్ శివార్లలో రావిర్యాల దగ్గరున్న వండర్‌లాలో మాత్రం పిల్లల టికెట్టా, పెద్దల టికెట్టా అన్నది ఎత్తును బట్టి తేలుస్తారు. అక్కడ ఆధార్‌తో పని జరగదు. ఆన్‌లైన్‌లో కొనే ముందు పిల్లల టికెట్ ఎంత ఎత్తు వరకో ఆరోజు చూసి కొనండి.

రాత్రంతా ప్రయాణం చేసి, రైలు దిగి నేరుగా పార్కుకి వెళ్లిపోవచ్చా?

వెళ్లొచ్చు గానీ పెద్ద రైడ్లు పెట్టుకోకండి. నిద్ర చాలని పిల్లలకి వాంతులు తొందరగా అవుతాయి, భయమూ ఎక్కువే. వీలైతే ఆ పగలు బంధువుల ఇంట్లో పడుకోబెట్టి మర్నాడు వెళ్లండి.

మా మావయ్యగారు "మగపిల్లాడు, అంత పొడుగున్నాడు, భయమేంట్రా" అని ఎక్కించేస్తారు. ఎలా ఆపాలి?

ఇది చాలా ఇళ్లల్లో ఉంది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేదీ ఇదే. పొడుగు పిల్లల్ని అందరూ పెద్దవాళ్లలా చూస్తారు. ఏడిస్తే "ఇంతెత్తున్నావు, సిగ్గులేదా" అంటారు. అదే ఏడుపు పొట్టిగా ఉన్న ఐదేళ్లవాడు ఏడిస్తే ఎత్తుకుంటారు. పెద్దాయనతో అక్కడ గేటు ముందు వాదిస్తే మాట పట్టింపు వస్తుంది. బయలుదేరే ముందు ఇంట్లోనే, కాఫీ తాగేటప్పుడు చెప్పండి: "మావయ్యగారూ, వీడికి ఐదేళ్లేనండి. ఏ రైడ్ ఎక్కాలో నేనూ మీ అబ్బాయీ చూసుకుంటాం. మీరు వీణ్ని బొమ్మ రైలు ఎక్కించండి." ఆయనకి ఒక పని అప్పగిస్తే ఆయనా సంతోషిస్తారు.

## రైడ్ ముందు నిలబడి

ఏ రైడ్ సరిపోతుందో అక్కడికక్కడ ఎలా తేల్చుకోవాలి?

క్యూలో చేరే ముందు ఒక ఆట మొదలు నుంచి చివరిదాకా పిల్లతో కలిసి నిలబడి చూడండి. మీరు ఎక్కినవాళ్ల నడుము దగ్గర చూడండి: పిరుదులు సీటు మీంచి లేస్తున్నాయా? లేస్తుంటే సన్నగా ఉన్న చిన్నపిల్లకి అది వద్దు. తలలు చూడండి: పక్కలకి కొట్టుకుంటున్నాయా? దిగేవాళ్లలో మీ పిల్ల వయసువాళ్లుంటే వాళ్ల ముఖాలు చూడండి. ఆ తర్వాత మీ పిల్ల ముఖం చూడండి. చేయి లాగుతూ ముందుకెళ్తుంటే ఒక రకం, చేయి గట్టిగా పట్టుకుని మీ వెనక్కి జరుగుతుంటే ఇంకో రకం. నోటితో "ఎక్కుతా" అన్నా చేయి అబద్ధం చెప్పదు.

నా పక్కనే కూర్చోబెట్టుకుని పట్టుకుంటే ఏమవుతుంది?

ఇది నేను చేసిన తప్పే కాబట్టి వివరంగా చెబుతాను. మా అమ్మాయికి నాలుగున్నరేళ్లప్పుడు ఒక ఊరి ఎగ్జిబిషన్‌లో ఓడలా ఊగే కొలంబస్ ఎక్కాం. మా ఇద్దరికీ కలిపి ఒకే కడ్డీ. అది వచ్చి నా తొడల మీద ఆగింది. నా తొడల కంటే ఆ పిల్ల తొడలు ఎంత సన్నం! తనకీ కడ్డీకీ మధ్య జానెడు ఖాళీ ఉంది. బయలుదేరేటప్పుడు నాకు తట్టలేదు. ఓడ పైకి వెళ్లి దిగేటప్పుడు పిల్ల సీటు మీంచి లేచింది, నడుము కడ్డీ కిందికి జారడం మొదలైంది. రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాను. ఆపమని అరిచినా ఆ పాటల హోరులో ఎవరికీ వినపడలేదు. ఆగాక చూస్తే నా గోళ్ల గుర్తులు తన చేతి మీద పడి ఉన్నాయి. దేవుడి దయ, అంతకంటే ఏమీ కాలేదు.

అందుకే చెబుతున్నాను, ఒకే కడ్డీ ఇద్దరికీ వస్తే అది లావుపాటివాళ్ల దగ్గర ఆగిపోతుంది. పక్కన చిన్నపిల్లకి అది లేనట్టే. మన చేతి పట్టు ఊగే ఓడ వేగం ముందు నిలవదు. ఎవరి సీటుకి వారి బెల్టు, ఎవరి కడ్డీ వారికి ఉన్న రైడ్లే పొడుగు చిన్నపిల్లలకి ఎంచుకోండి. కడ్డీ దిగాక మీ అరచేయి పిల్ల తొడకీ కడ్డీకీ మధ్య పెట్టి చూడండి. చేయి బిగుతుగా ఆగాలి. పిడికిలి దూరిపోతే లేచి దిగిపోండి, టికెట్ డబ్బులు పోయినా సరే.

పెద్ద రోలర్ కోస్టర్ ఎక్కుతానని గొడవ చేస్తోంది. ఎలా సముదాయించాలి?

చిన్నపిల్లల కోస్టర్, బొమ్మ రైలు, గుర్రాల రంగులరాట్నం ముందు ఎక్కించండి. అవి రెండేసి సార్లు ఎక్కాక కూడా ఇంకా అడుగుతుంటే తర్వాతి మెట్టుకి వెళ్లొచ్చు. తలకిందులుగా తిప్పేవి, ముందుకెళ్లి మళ్లీ అదే దారిలో వెనక్కి పరుగెత్తేవి ఈ వయసుకి వద్దు. "నువ్వు చిన్నపిల్లవి" అంటే పొడుగు పిల్లలకి రోషం వస్తుంది. "దీనికి ఎనిమిదేళ్లు రావాలి, నీ ఎనిమిదో పుట్టినరోజుకి వద్దాం" అని లెక్క చెబితే వింటారు. ఆ మాట నిలబెట్టుకోవాలి మరి.

దయ్యాల గుహ నెమ్మదిగానే వెళ్తుంది కదా, చిన్నపిల్లలకి పర్లేదా?

వేగం లేదని తీసుకెళ్లి తర్వాత బాధపడినవాళ్లు చాలామంది ఉన్నారు. నాలుగైదేళ్ల పిల్లలకి బొమ్మకీ నిజానికీ మధ్య గీత ఇంకా గట్టిపడదు. మీకు అది ప్లాస్టిక్ పుర్రె. వాళ్లకి అది రాత్రి మంచం కిందికి వచ్చేది. వద్దు.

గంటసేపు క్యూలో నిలబడ్డాం. తీరా ముందుకొచ్చాక ఎక్కనని ఏడుస్తోంది.

వెనక్కి తీసుకొచ్చేయండి. ఆ గంట పోయినా పర్వాలేదు. బలవంతంగా ఎక్కిస్తే ఆటలో దిగిపోవాలని లేవబోతారు, అసలు ప్రమాదం అక్కడే. ఇద్దరు పెద్దవాళ్లుంటే ఒకరు ఎక్కి రండి, ఒకరు పిల్ల దగ్గర ఉండండి, తర్వాత మారండి. డిస్నీ పార్కుల్లో ఇందుకోసమే రెండోవాళ్లు మళ్లీ మొత్తం క్యూ నిలబడక్కర్లేకుండా రైడర్ స్విచ్ అనే ఏర్పాటు ఉంది. మన దగ్గర కూడా గేటు దగ్గరున్న కుర్రాణ్ని అడిగి చూడండి.

చెల్లి పొడుగు, అన్నయ్య పొట్టి. గీత దగ్గర చెల్లినే పంపి అన్నయ్యని ఆపేశారు. ఇంటికొచ్చేదాకా వాడు మాట్లాడలేదు.

పాపం, ఆ పిల్లాడి బాధ నిజమైనది. మరోసారి వెళ్లేటప్పుడు ఇంట్లోనే ఇద్దరినీ కొలిచి, ఇద్దరూ ఎక్కగలిగేవాటితో రోజు మొదలుపెట్టండి. తేడా వచ్చే రైడ్ దగ్గరికి ఇద్దర్నీ కలిపి తీసుకెళ్లకండి. నేనైతే ఆ రైడ్‌ని చెల్లికి కూడా మానిపిస్తాను. వయసులో చిన్నది కదా, ఎలాగూ ఆగాల్సిందే.

తిండి సంగతి?

రెండేళ్ల నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకి కడుపులో తిప్పడం ఎక్కువ. ఎక్కడానికి గంట ముందు ఇడ్లీలాంటి తేలిక తిండి పెట్టండి. దారిలో చుట్టాలిచ్చిన కాజాలు, పూతరేకులు సాయంత్రానికి దాచండి. ఖాళీ కడుపు కూడా మంచిది కాదు.

## నీళ్ల రైడ్ల దగ్గర

కాలవ గట్టున పుట్టిన పిల్ల, నీళ్లంటే భయం లేదు. వేవ్ పూల్‌లో వదలొచ్చా?

భయం లేకపోవడం వేరు, ఈత రావడం వేరు. మన గోదావరి పిల్లలకి మొదటిది ఉంటుంది, రెండోది చాలామందికి ఉండదు. పొడుగు పిల్ల నాలుగడుగుల లోతులో నిలబడగలదని పెద్దవాళ్లకి అనిపిస్తుంది. నాలుగడుగులంటే 122 సెంటీమీటర్లు, 119 ఉన్న మా అమ్మాయి తల మునిగిపోతుంది. అల వచ్చినప్పుడు లోతు ఇంకా పెరుగుతుంది. నీళ్లు నడుము దాటకూడదు, మీ చేయి అందే దూరం దాటకూడదు. మునిగేవాళ్లు అరవరు, చేతులూపరు, నిశ్శబ్దంగా కిందికి పోతారు. గాలి ట్యూబుని నమ్మకండి, ఒంటికి కట్టే లైఫ్ జాకెట్ అడగండి. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగిన తర్వాత లైఫ్ జాకెట్ విలువ మన వైపు వాళ్లకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. జాకెట్ పిల్ల కొలతది కావాలి. భుజాల దగ్గర పట్టి పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు.

ఒళ్లో కూర్చోబెట్టుకుని జారుడుబండ మీంచి జారితే సేఫ్ కదా?

సేఫ్ అనుకుంటాం గానీ కాళ్లు విరిగేది ఇలాగే. పిల్ల పాదం పక్క గోడకి తట్టుకుని ఆగుతుంది, పెద్దవాళ్ల బరువు మాత్రం ఆగకుండా కిందికి తోస్తుంది, మోకాలి కింద ఎముక మెలితిరిగి విరుగుతుంది. పొడుగు పిల్లల కాళ్లు ఒళ్లోంచి బయటికి వచ్చేస్తాయి కాబట్టి తట్టుకునే అవకాశం ఇంకా ఎక్కువ. మునిసిపాలిటీ పార్కులో మామూలు జారుడుబండకీ ఇదే వర్తిస్తుంది. తనంతట తాను జారగలిగే చిన్న జారుడుబండ చూపించి మీరు కింద నిలబడండి.

## మన తీర్థాల్లో, ఎగ్జిబిషన్లలో

తీర్థంలో ఎత్తు గీతే ఉండదు. టికెట్ ఉంటే చాలు ఎక్కించేస్తారు. ఏది పర్లేదు, ఏది వద్దు?

గీత లేనిచోట గీత మనమే గీయాలి. డ్రాగన్ రైలు, చేత్తో తిప్పే చిన్న రంగులరాట్నం, గుర్రాలు, గాలి నింపిన బొమ్మ జారుడుబండ (పెద్దపిల్లలు దూకనప్పుడు) పర్లేదు. కొలంబస్, గిర్రున విసిరి తిప్పే బ్రేక్ డ్యాన్స్, టోరా టోరా, గొలుసుల ఊయల ఐదారేళ్ల పిల్లలకి ఎంత పొడుగున్నా వద్దు. పెద్ద జెయింట్ వీల్‌లో తొట్టికి తలుపు గొళ్లెం పడకపోయినా, ముందు గొలుసొక్కటే ఉన్నా ఎక్కకండి. పొడుగు పిల్లలు లేచి నిలబడితే ఆ గొలుసు నడుము దగ్గరికి కూడా రాదు.

అక్కడి యంత్రం బాగుందో లేదో మనకెలా తెలుస్తుంది?

పూర్తిగా తెలియదు గానీ కొన్ని కంటికి కనిపిస్తాయి. ముందు నేల చూడండి. మన వైపు చాలాచోట్ల కోతలైపోయిన చేలల్లో, తోటల్లో వీటిని నిలబెడతారు. ఒండ్రునేల, తడి తగిలితే మెత్తబడిపోతుంది. ఇనుప కాళ్ల కింద వెడల్పాటి చెక్క దిమ్మెలు ఉండాలి. ఒక కాలు దిగబడి యంత్రం ఒరిగినట్టుంటే, ముందురోజు రాత్రి వాన పడి ఉంటే వద్దు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తినేస్తుంది కాబట్టి బోల్టులు, గొలుసు కొక్కేలు చూడండి. రంగు కింద పెచ్చులూడుతున్న తుప్పు కనిపిస్తే, పిన్ను ఉండాల్సినచోట తీగ చుట్టి ఉంటే ఎక్కకండి. ఈదురుగాలి మొదలైతే అప్పుడు కూడా. నడిపే మనిషి ప్రతి కడ్డీ చేత్తో లాగి చూస్తున్నాడా, ఫోన్ మాట్లాడుతూ బటన్ నొక్కుతున్నాడా అన్నది నేను అన్నిటికంటే ముందు చూస్తాను.

పండగ కదా, పట్టు పరికిణీ వేశాం. ఇబ్బందా?

పరికిణీ అంచు, ఓణీ, విడిచిన జుట్టు, పొడుగు జడ, మెడలో గొలుసు తిరిగే ఇరుసుల్లో చిక్కుకుంటాయి. జడ మడిచి కట్టేయండి. సంచిలో ఒక ప్యాంటు, చొక్కా పెట్టుకోండి, రైడ్ల దగ్గరికి వెళ్లే ముందు మార్చండి. పట్టు బట్టలు ఫొటోకి ఉంటాయి.

## ఇంటికొచ్చాక

రాత్రి ఉలిక్కిపడి లేస్తోంది. రైడ్ వల్లేనా?

కావచ్చు. రెండు మూడు రాత్రులు దగ్గర పడుకోబెట్టుకోండి. పగలు ఆ రైడ్ బొమ్మ గీయించండి, తనని చెప్పనివ్వండి. "ఏం లేదు" అని కొట్టిపారేయకండి. తలనొప్పి, వాంతులు, మెడ తిప్పలేకపోవడం, మగతగా ఉండడం కనిపిస్తే మాత్రం అది భయం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మళ్లీ ఎప్పుడు కొలవాలి? వచ్చే ఏడాదికి ఏవి ఎక్కొచ్చు?

ఐదేళ్ల తర్వాత పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. ఆరు నెలలకోసారి కొలిస్తే చాలు. మా ఇంట్లో వంటగది తలుపు చట్రం మీద పెన్సిల్‌తో గీత పెట్టి, పక్కన తేదీతో పాటు ఆరోజుకి తన వయసు కూడా రాస్తాం. కొలంబస్ గీత ఎక్కడుండాలో కూడా తనే వేసుకుంది, ఎనిమిదేళ్లు అని పక్కన అంకె వేసి.